దిద్దిన మాటలు

అక్టోబర్ 2, 2022. ఆదివారం

ఈ నోటుబుక్కు బడిల చెప్పేటప్పుడు పాఠాలు రాసుకునెతందుకు కొన్న. ఇరవై పేజీలు నిండకముందే కరోన వచ్చి ఆ ప్రైవేటు బడి మూతపడ్డది. ఇయ్యాల బీరువ కింద దొరికింది. మిగిలిన పేజీలల్ల నాకోసమే రాసుకుంట. మహేశ్‌కు చెప్పను.

ఇయ్యాల మహేశ్ ప్లేటు తీసి గోడకు కొట్టిండు. మా పెండ్లయి ఏడేండ్లు. గిట్ల ఎన్నడు చేయలే.

టీవీల దసరా ప్రోగ్రాం. ఎర్రచెల్క బ్యాండు వస్తదని వారం సంది ఎదురుచూస్తున్నడు. సిమెంటు ఫ్యాక్టరీల షిఫ్టు గూడ మార్చుకున్నడు. ఈయనతోటి ప్యాకింగ్‌ల పనిచేసే దోస్తులు నలుగురు వచ్చిన్రు. నేను మిర్చీలు ఏసిన. అందరి టీషర్టుల మీద కాటమన్న బొమ్మ. ఆ బ్యాండుకు ముందుండి పాడే కాటమయ్య అంటె మహేశ్‌కు సొంత అన్న కంటె ఎక్కువ. మా మేళ్లచెరువుల ఆ పేరు ఎవలకు తెల్వని రోజులల్ల ఈయన పాలమూరు దాంక బస్సుల పోయి విని వచ్చిండు.

మోటబాయి పాట ఎత్తుకున్నరు. అది కాటమన్న వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పాట. ఎప్పుడు ఆయనొక్కడే పాడుతడు. ఇయ్యాల పక్కన ఒక పిల్ల నిలబడ్డది. పేరు నౌరీన్, కోస్గిల పరుపులు కుట్టే మెహమూద్ బిడ్డ అని యాంకర్ చెప్పింది. రెండో చరణం ఆ పిల్ల అందుకున్నది. ఆ పాట అంత పైకి పోతదని నాకు ఇంతవరకు తెల్వదు. నా చేతుల మీద రోమాలు లేచినయి. ఆఖరు లైను కాడ కాటమన్న ఆగిండు. ఆమెనొక్కదాన్నే పాడనిచ్చి, చేతులు జోడించిండు.

ఇంట్ల అందరు మహేశ్ మొఖం చూసిన్రు. మా అత్త భద్రమ్మ ఒక్కతే, "పిల్ల మంచిగ పాడింది కదరా" అన్నది. ప్లేటు గోడకు తగిలింది గప్పుడే.

"అన్న నోరు మూయించిందే అది" అన్నడు మహేశ్.

మూయించలే. ఆయనే ఆగిండు. నేను చూసిన. కాని అనలే.

అక్టోబర్ 3

పొద్దుగాల వచ్చి నా పక్కన కూసున్నడు. "నిన్న తప్పయింది" అన్నడు. ఫోను నా చేతుల పెట్టిండు.

"రాయి వసంతా. నువ్వు రాస్తెనే అయితది."

ఈయన నడిపే ఫేస్‌బుక్ పేజీల ముప్పై వేలమంది ఉన్నరు. ఎర్రచెల్క అభిమానులు, నల్లగొండ-పాలమూరు అని దాని పేరు. అండ్ల ప్రతి అక్షరం నేను రాసిందే. ఈయన పదో తరగతి తప్పిండు, ఒత్తులు రావు. నేను తెలుగు పండిట్ ట్రైనింగ్ చేసిన. ఈయన చెప్తడు, నేను దిద్దుత. గంతే. కాటమన్న గొంతు మీద రాసిన పోస్టుకు జనం "అన్నా, నువ్వు కవివి" అని పెట్టిన్రు. అయి చదువుకుంట మహేశ్ నా దిక్కు చూసిన చూపు నాకు యాదికున్నది. నా చదువు మా ఇంట్ల ఒకలకన్న పనికొచ్చింది అనిపించింది.

ఇయ్యాల ఏం రాయాల్నో ఈయనకే సమజైతలేదు. కోపం ఉన్నది, మాట లేదు. "ఆమె పాటల ఏదో తప్పున్నది. గదేందో చెప్పరాదు నాకు" అన్నడు.

నేను చెప్పిన. ళ పలకదు. నీళ్లు అనెకాడ నీల్లు అన్నది, రెండుమాట్ల.

మహేశ్ మొఖం వెలిగింది.

(అత్త గూడ నీల్లు అనే అంటది. మాట్లాడేటప్పుడు నేను గూడ.)

అక్టోబర్ 4

నాలుగు వేలమంది షేర్ చేసిన్రు.

అక్టోబర్ 7

ఎక్కడ చూసినా ళ. పాటను కోసి ఆ ఒక్క మాటను పదిమాట్లు తిప్పి వీడియోలు చేస్తున్నరు. మెచ్చుకునెటోళ్లు లేకపోలే. సగం మందికి ఆ పిల్ల గొంతు నచ్చింది. "ఇన్నేండ్లకు ఆ పాటకు తోడు దొరికింది" అని ఒకామె రాసింది. అసుంటోళ్లను మహేశ్ ఒక్కొక్కలను పేజీలకెల్లి తీసేస్తున్నడు. తీసేసినకొద్ది మిగిలినోళ్ల గొంతు పెద్దగైతాంది.

అన్నం ముంగట కూసోని గూడ ఫోనే. ముద్ద చేతులనే ఎండిపోతాంది.

అక్టోబర్ 11

నవంబర్ పదమూడున పాలమూరు గ్రౌండ్ల బ్యాండు ప్రోగ్రాం. పోస్టర్ వచ్చింది. కాటమన్న పక్కన నౌరీన్ ఫోటో, సమానంగ.

మహేశ్ షిఫ్టు దిగి చెప్పులు గూడ ఇడవకుండ నా దగ్గరకు వచ్చిండు. మొఖం మీద సిమెంటు. ఆమె మీద ఒక బూతుమాట చెప్పి, "గిది రాయి" అన్నడు.

నేను రాయనన్న. "బూతు రాస్తె మన పేజీ మర్యాద పోతది. దాని జాగల ఇంకో మాట పెడ్త" అన్న.

బదనిక.

ఈయనకు తెల్వదు. మామిడికొమ్మల మీద మొలిచి, ఆ చెట్టు రసమే తాగి, ఆఖరుకు ఆ కొమ్మనే ఎండబెట్టే మొక్క అని చెప్పిన. ఈయన ఆ మాటను రెండుమాట్లు నోట్ల తిప్పుకున్నడు.

"మన చెల్కల చెట్టు మీద బదనిక మొలిచింది. ఎదగకముందే కొయ్యాలె."

వాక్యం కుదిరింది. కొయ్యాలె అన్నది పోలిక. మొక్కనే కద కోసేది.

అక్టోబర్ 12

ఒక్క బూతు లేకుండ రాసిన.

అక్టోబర్ 16

నందికొండల టీచర్ చేసే మా చెల్లె సుచరిత ఫోన్ చేసింది. అమ్మ సంగతి, నాయిన మగ్గం సంగతి అయినంక అడిగింది.

"అక్కా, గా బదనిక పోస్టు చూసినవా? మా స్టాఫ్‌రూంల గూడ అదే ముచ్చట. ఎవడో మస్తు చదువుకున్నోడు రాసిండే."

"అట్లనా" అన్న. లోపట సంబురమైంది. అబద్ధం ఎందుకు, అయింది.

"చదువుకున్నోడు గింత విషం కక్కుతడా అని నాకు బుగులైతాంది" అన్నది సుచరిత.

పొయ్యి మీద పాలున్నయని పెట్టేసిన. పాలు లేవు.

కామెంట్లు మారినయి. "మన పాట వాళ్లకెందుకు" అంటున్నరు. ఆ పిల్ల పేరు పట్టుకుని, మతం పట్టుకుని ఏందేందో రాస్తున్నరు. నేను మన చెట్టు అని రాసిన గంతే. మన అంటె ఈ పాట మీద ప్రేమ ఉన్నోళ్లందరం అని. ఎవలన్న వేరే తీరు చదువుకుంటె నేనేం చెయ్యాలె?

అక్టోబర్ 23. ఆదివారం

పేజీకి ఎవలో ఫోటో పంపిన్రు. కోస్గి బజార్ల పరుపుల దుకానం. మూసిన షట్టర్ మీద ఎర్రరంగుతోటి ఇంతింత అక్షరాలు. బదనిక.

అక్షరం తప్పు లేకుండ రాసిన్రు. మొదలు నేను చూసింది గదే. తర్వాత, ఆ షట్టర్ ముంగట మెట్టు మీద కూసున్న పెద్దమనిషి కండ్లవడ్డడు. తెల్లగడ్డం. మోకాళ్ల మీద రెండు చేతులు పెట్టుకుని రోడ్డు దిక్కు చూస్తున్నడు. షట్టర్ పైన దుకానం పేరు, ఫోన్ నంబర్.

మహేశ్ ఆ ఫోటోను పేజీల పెట్టిండు. "దీనికి రాయక్కర్లే" అన్నడు. "నీ మాటనే ఉన్నది కద దాని మీద."

అక్టోబర్ 24

దీపావళి. తల నొస్తాంది.

నవంబర్ 2

ఇంక చాలు, నేను రాయనన్న. మొత్తానికే రాయనని అనుడు గిదే మొదటిసారి.

మహేశ్ లొల్లి పెట్టలే. "సరే, నేనే రాస్త" అని వాకిట్ల మెట్టు మీద కూసోని గంటసేపు ఒక్కొక్క అక్షరం వెతుక్కుంట రాసిండు. పెట్టినంక జనం నవ్విన్రు. "అడ్మిన్ మారిండా? గీ తెలుగేంది?" "అన్నా, నువ్వే ళ నేర్చుకో ముందు." ఈయన ఒక్కొక్క కామెంటు చదువుకుంట తల దించుకున్నడు. చెవులు ఎర్రబడ్డయి. పదేండ్ల సంది సిమెంటు బస్తాల మధ్య పనిచేసే మనిషి. ఆ పేజీ ఒక్కటే ఈయనను నలుగుర్ల నిలబెట్టింది.

చూడలేకపోయిన. ఫోను తీసుకున్న. "ఇటియ్యి" అన్న.

ఇది ఆయన కోసం. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు.

నవంబర్ 8

ఇయ్యాల మూడు పోస్టులు.

పెరట్ల అంట్లు తోముకుంట అత్త మోటబాయి పాట తీస్తున్నది, నౌరీన్ పాడిన తీరుగ, పైకి. "అత్తా, ఈయన వింటడు" అన్న. ఆమె ఆగలే. ఆఖరు దాంక పాడి, గిన్నె బోర్లిచ్చి, నా మొఖం చూసి అన్నది, "మీరిద్దరు ఆ ఫోన్ల ఏం చేస్తున్నరో నాకు తెల్వదనుకుంటున్నవా వసంతా?"

ఆమెకు చదువు రాదు. ఏం తెలుస్తది.

నవంబర్ 11. శుక్రవారం

దోస్తులు వచ్చిన్రు. తలుపు దగ్గరేసి మాట్లాడిన్రు. చాయ ఇచ్చెతందుకు పోయినప్పుడు విన్న. ఆదివారం రెండు బండ్లల్ల పోతరట. ఆమె రెండో చరణం ఎత్తుకోంగనే మొదలువెట్టాల్నట.

"ఏం మొదలువెడ్తరు?" అని అడిగిన.

"టమాటలు" అన్నడు మహేశ్. అందరు నవ్విన్రు. ఒకడు నవ్వలే, కింద చూసిండు.

నవంబర్ 12

మెట్ల కింద గోనెసంచి ఉన్నది. ఈయన డ్యూటీకి పోయినంక మూతి ఇప్పి చూసిన. టమాటలే. మెత్తబడి వాసనొస్తున్నయి. జరంత పక్కకు జరుపుదామని లేపిన. లేవలే. రెండు చేతులతోటి లేపినా లేవలే.

పైన టమాటలే. నేను నా కండ్లతోటి చూసిన. కిందకు చెయ్యి పెట్టలే. మూతి మల్ల కట్టేసిన, ఉన్నది ఉన్నట్టు.

పదకొండు గంటలకు అత్త ఫోను తీసుకుని ఆ షట్టర్ మీది నంబర్‌కు కొట్టిన.

"మెహమూద్‌గారేనా?"

"అవునమ్మా. పరుపు కావాల్నా, దిండ్లా?" గొంతు మెత్తగున్నది.

"రేపు మీ బిడ్డను పాలమూరు పంపకండి."

ఎనక కుట్టుమిషన్ ఆగింది.

"పొద్దుగాల సంది మీరు తొమ్మిదో మనిషి అమ్మా" అన్నడు. "అందరు గిదే మాట. ఆడమనిషి మాత్రం మీరే ఫస్టు."

నేను వాళ్ల లెక్క కాదని చెప్దామనుకున్న. సంచి సంగతి చెప్దామనుకున్న. ఆ సంచి ఎవలింట్ల ఉన్నదని అడుగుతె?

"పంపకండి" అని మల్ల ఒకసారి అని పెట్టేసిన. నంబర్ తుడిచేసి ఫోను అత్త మంచం మీద పెట్టిన.

చెప్పిన. నేను చెయ్యాల్సింది నేను చేసిన.

నవంబర్ 13

పొద్దుగాల ఎనిమిది గంటలకు పోయిన్రు. సంచిని ఇద్దరు మోసిన్రు. టమాటలు బరువే ఉంటయి.

నవంబర్ 14

మహేశ్ పొద్దుగాల వచ్చిండు. సీదా తొట్టి కాడికి పోయి చేతులు కడుక్కున్నడు. చాలాసేపు కడుక్కున్నడు. గోర్లల్ల తెల్లటి పొడి, మా ఊరి సున్నపురాయి క్వారీల రాళ్లకు ఉండే పొడి. ఫ్యాక్టరీల పనిచేసే మనిషికి గోర్లల్ల పొడి ఉండదా?

నిన్న ఆదివారం. ఈయన డ్యూటీకే పోలే.

టీవీల వస్తాంది. ఆ పిల్ల రెండో చరణం ఎత్తుకున్నది. మొదలు టమాటలు పడ్డయి. ఆగలే ఆ పిల్ల, కండ్లు మూసుకుని పాడుతనే ఉన్నది. తర్వాత రాళ్లు. ఒకటి నోటి మీద తగిలింది. దవడ పలిగింది, మూడు పండ్లు పోయినయి, పెదివికి కుట్లు పడ్డయి. కాటమన్న ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని ఉరికిండు. హైద్రాబాద్ దవాఖానల ఉన్నది. ఆయన దవాఖాన ముంగట నిలబడి, అంగి మీద నెత్తురుతోనే మాట్లాడిండు. "వాళ్లు నా అభిమానులైతె, నేను ఇయ్యాల్టి సంది పాడ."

మహేశ్ నేల మీద కూలబడి ఏడ్సిండు. "అన్న గట్ల అన్నడే వసంతా. అన్న మనలను గట్ల అన్నడే."

ఆ పిల్ల పేరు ఒక్కసారి గూడ ఎత్తలే.

"నువ్వేసినవా?" అని అడిగిన.

"నేను టమాటలే ఏసిన."

నేను నమ్మిన. నమ్మిన అని రాస్తున్న.

అత్త టీవీ బందు పెట్టి, లోపటికి పోయి మంచంల పడుకున్నది. అన్నానికి పిలిస్తె పలుకలే.

నవంబర్ 15

పేజీల మాట్లాడకుంటె మన మీదికే వస్తదని దోస్తులు అన్నరట. మహేశ్ అడిగిండు. రాసిన. "కళను ప్రేమించే చేతులు రాయిని పట్టవు. ఈ దాడిని ముక్తకంఠంతో ఖండిస్తున్నం. సోదరి నౌరీన్ త్వరగా కోలుకోవాలని..."

ఆరు వేల లైకులు. "మనసు పిండేసినవ్ అన్నా" అని కామెంట్లు.

నవంబర్ 19

ఫ్యాక్టరీ గేటు కాడ మహేశ్‌ను పట్టుకపోయిన్రు. నన్ను సోమవారం పాలమూరు స్టేషన్‌కు రమ్మన్నరు.

నవంబర్ 22

మహేశ్‌ను జైలుకు పంపిన్రు. నా మీద గూడ కేసు రాసి, నోటీసు ఇచ్చి ఇంటికి పంపిన్రు. నిన్న స్టేషన్ల జరిగింది జరిగినట్టు రాస్త.

ఎస్సై మహేశ్‌ను బల్ల ముంగట నిలబెట్టిండు. పోస్టులన్నీ కాగితాల మీద తీసి పెట్టిన్రు, ఇరవై ఆరు పేజీలు. "ఇవన్నీ నువ్వే రాసినవా?" అని అడిగిండు.

"నేనే సార్."

"ఇంట్ల ఇంకెవలన్న రాస్తరా?"

"లేదు సార్. మా ఆమెకు ఏం తెల్వదు. ఇంటిపని చేసుకుంటది." నా దిక్కు చూడలే. ఏడేండ్లల ఈయన నాకోసం ఆడిన అబద్ధం గదొక్కటే.

కాగితం, పెన్ను ఇచ్చి ఒక పోస్టు రాయమన్నడు. మహేశ్ రాసిండు. మొదటి లైన్లనే నాలుగు తప్పులు పడ్డయి. "చెయ్యి వణుకుతాంది సార్" అన్నడు. ఎస్సై కాగితం చూసి, నన్ను చూసి, మహేశ్‌ను లోపటికి పంపిండు. నన్ను బెంచి మీద కూసోమన్నడు.

చెప్తె అయిపోయేది. గంటసేపు కూసున్న. చెప్పలే.

అప్పుడు ఆ పెద్దమనిషి వచ్చిండు. ఫోటోల చూసిన తెల్లగడ్డమే. స్టేట్‌మెంట్ ఇచ్చెతందుకు వచ్చిండు. ఎస్సై ఆయనకు కుర్చీ ఏయించి, బిడ్డ ఎట్లున్నదని అడిగిండు.

"స్ట్రాతోటి పాలు తాగుతాంది సార్. డాక్టర్లు మాట్లాడొద్దన్నరు. పాడుతదా అంటె ఏం చెప్తలేరు." బల్ల మీది కాగితాలు చూసిండు. "గివేనా సార్ రాసినయి? నాకు ఉర్దూ చదువొస్తది గని తెలుగు రాదు. ఇంట్ల పిల్లలను అడిగితె నీకెందుకు అబ్బా అంటరు. నా బిడ్డ మీద ఏం రాసిన్రో నేను ఇంతవరకు వినలే. జర చదివియ్యున్రి."

ఎస్సై ఒక కానిస్టేబుల్‌ను పిలిచి చదవమన్నడు. అతను తడుముకుంట చదువుతున్నడు. ఒక లైను చదివి, సగంలనే ఆగి, ఇంకో లైన్ల కలిపిండు. మాట ఇరిగిపోయింది.

"ఆడ కాదు" అన్న. "చెట్టు మీద, అని ఆగాలె. తర్వాత బదనిక మొలిచింది."

నా నోట్లకెల్లి వచ్చినంక నాకు తెలిసింది. ఎస్సై పెన్ను కింద పెట్టిండు.

మెహమూద్ కుర్చీల తిరిగి నా దిక్కు చూసిండు. "రాసింది నువ్వేనా బిడ్డా?"

"నేనే" అన్న.

"అయితె నువ్వే చదువు."

ఎస్సై తల ఊపిండు. కాగితాలు తీసుకున్న. నిలబడి చదివిన. మొదటి పేజీ ళ గురించి. నీళ్లు అన్నకాడ నా నాలుక తిరగలే, రెండుమాట్లు అన్న. తర్వాత బదనిక. అక్కడ మెహమూద్ చెయ్యి ఎత్తిండు.

"గీ మాట మా షట్టర్ మీద గూడ రాసిన్రట. గల్లీల పిల్లలు గూడ అంటున్నరు. ఏంది బిడ్డా దానికి అర్థం?"

చెప్పిన. ఇంకో చెట్టు మీద మొలిచి, ఆ చెట్టు రసం తాగి బతికేది అని. కండ్లు ఎత్తకుండనే చెప్పిన.

"మా తాత కూడ కోస్గిలనే పత్తి ఏకిండు" అన్నడు, నాతోటి కాదు, ఎస్సైతోటి గాదు. "చదువు."

చదివిన. కొయ్యాలె అన్నది చదివిన. మూడేసి పోస్టులు రాసిన రోజులయి చదివిన. నా నోటి తడారితె కానిస్టేబుల్ నీళ్లిచ్చిండు. మెహమూద్ రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఒక్క మాట అడ్డం రాకుండ ఇరవై ఐదు పేజీలు విన్నడు.

ఆఖరు పేజీ తీసిన. కళను ప్రేమించే చేతులు రాయిని పట్టవు. సోదరి నౌరీన్.

"గిది గూడ నువ్వేనా?" అన్నడు.

"నేనే."

ఆయన లేచి నిలబడ్డడు. కుర్చీని చప్పుడు కాకుండ ఎనక్కి జరిపిండు. "గిది వద్దు సార్" అని ఎస్సైకి చెప్పి బయటికి పోయిండు. కిటికీల కెల్లి చూసిన. మెట్లు దిగి, గేటు కాడ ఆగి, గోడ పట్టుకుని నిలబడ్డడు.

నా చేతుల ఇంక అర్ధపేజీ ఉన్నది.